మొలకపూర్వ కలుపుమందులు, నేలలోని కలుపు విత్తనాలు

మొలకపూర్వ కలుపుమందు అనగా కలుపు మొక్కలు నేలపైకి రాకముందే నేల ఉపరితలం మీద పిచికారీ చేసే రసాయనిక మందు. పైరు విత్తిన లేదా నాటిన ఒకటి రెండు రోజులలో దీనిని వాడుతారు. ఆంధ్ర ప్రదేశ్‌లోని గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి నేలలలో పత్తి, మిరప పైర్లకు ఈ తరహా మందులు, ముఖ్యంగా పెండిమిథాలిన్, విరివిగా వాడుకలో ఉన్నాయి. ఇవి నేలలో ఉన్న కలుపు విత్తనాలను చంపుతాయనే అభిప్రాయం చాలామందిలో ఉంది. అది పూర్తిగా సరైనది కాదు. ఈ మందులకు లొంగేది మొలకెత్తుతున్న లేత మొలక మాత్రమే. నిద్రావస్థలో ఉన్న విత్తనం మందు పొరలో ఉన్నప్పటికీ సాధారణంగా చెడిపోదు. మందును ఎప్పుడు వాడాలి, దాని ప్రభావం ఎంతకాలం ఉంటుంది, కొన్ని రకాల కలుపు దానికి ఎందుకు లొంగదు, ఏటా మందు వాడిన చేనిలో కూడా కలుపు మళ్ళీ ఎందుకు వస్తుంది అనే ప్రశ్నలన్నిటికీ సమాధానం ఈ ఒక్క భేదంలోనే ఉన్నది.

ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అనే పేర్లు 2022 ఏప్రిల్‌కు ముందున్న ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి. ఆ నెలలో జరిగిన పునర్విభజనలో ఉమ్మడి గుంటూరు నుండి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఉమ్మడి ప్రకాశంలో కొంత భాగం బాపట్ల జిల్లాలోను, కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలోను కలిశాయి.

కలుపుమందులలో రకాలు

వాడే సమయాన్ని బట్టి కలుపుమందులను మూడు విధాలుగా విభజిస్తారు.

- విత్తే ముందు వాడేవి: ఆఖరి దుక్కిలో నేలపై చల్లి మట్టిలో కలియదున్నేవి. త్వరగా ఆవిరయ్యే స్వభావం గల ఫ్లూక్లోరాలిన్ వంటి మందులను పూర్వం ఈ విధంగా వాడేవారు.
- మొలకపూర్వ మందులు: పైరు విత్తిన తరువాత, కలుపు మొలిచేలోపు నేలపై పిచికారీ చేసేవి. పెండిమిథాలిన్, ఆక్సీఫ్లోర్‌ఫెన్, డైయురాన్ ఈ కోవకు చెందుతాయి.
- మొలకానంతర మందులు: మొలిచిన కలుపు ఆకుల మీద పిచికారీ చేసేవి. పత్తిలో వెడల్పాటి ఆకుల కలుపుకు వాడే పైరిథయోబాక్ సోడియం, గడ్డిజాతి కలుపుకు వాడే క్విజలోఫాప్ ఇథైల్ ఇందుకు ఉదాహరణలు.

వీటిలో మొదటి రెండు రకాలు నేల ద్వారా పనిచేస్తాయి. మూడవ రకం ప్రధానంగా ఆకుల ద్వారా పనిచేస్తుంది. కనుక నేలలోని విత్తనాలకు సంబంధించిన చర్చ ముఖ్యంగా మొదటి రెండింటికి వర్తిస్తుంది.

నేలలోని విత్తన నిల్వ

ఏ చేనిలోనైనా పైకి కనిపించే కలుపు మొక్కల కంటె మట్టిలో ఉన్న కలుపు విత్తనాల సంఖ్య ఎన్నో రెట్లు అధికం. మట్టిలో వివిధ లోతులలో బతికి ఉన్న ఈ విత్తనాల మొత్తాన్ని విత్తన నిల్వ అంటారు. సాగు భూములలో ఒక చదరపు మీటరుకు కొన్ని వందల నుండి కొన్ని వేల వరకు విత్తనాలు ఉండటం సాధారణం.

ఈ నిల్వలోకి విత్తనాలు అనేక మార్గాలలో చేరుతాయి. చేనిలోనే పండి రాలిన విత్తనాలు వీటిలో ప్రధానమైనవి. ఒక్క వయ్యారిభామ మొక్క 15,000కు పైగా విత్తనాలను ఇవ్వగలదు. తోటకూర జాతి కలుపు మొక్కలు కూడా వేల సంఖ్యలో విత్తనాలను రాలుస్తాయి. సరిగా మాగని పశువుల ఎరువు, వేసవిలో చేలలో కట్టే గొర్రెల మందలు, చేలకు తోలే చెరువు మట్టి, కాలువ నీరు, గాలి, ఒక చేను నుండి మరొక చేనుకు వెళ్ళే ట్రాక్టరు గొర్రులు కూడా విత్తనాలను తెస్తాయి.

నిల్వ నుండి విత్తనాలు తగ్గే మార్గాలు కూడా ఉన్నాయి. కొన్ని మొలకెత్తుతాయి. కొన్నిటిని చీమలు, పురుగులు, పక్షులు తింటాయి. కొన్ని శిలీంధ్రాల వలన కుళ్ళుతాయి. మరికొన్ని ముసలివై జీవశక్తిని కోల్పోతాయి.

విత్తనాలు మట్టిలో ఎంతకాలం బతకగలవో తెలుసుకొనేందుకు అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో ఒక ప్రయోగం ప్రారంభించాడు. ఆయన ఇసుకతో కలిపిన విత్తనాలను 20 సీసాలలో నింపి నేలలో పాతిపెట్టాడు. ఆ సీసాలను నిర్ణీత కాల వ్యవధులలో ఒక్కొక్కటిగా తవ్వి తీస్తున్నారు. 142 సంవత్సరాల తరువాత, 2021లో తీసిన సీసాలోని విత్తనాలలో 20 మొలకెత్తాయి. అన్ని జాతుల విత్తనాలు ఇంతకాలం బతకవు. గడ్డిజాతి కలుపులో చాలా వాటి విత్తనాలు కొద్ది సంవత్సరాలలోనే నశిస్తాయి. గట్టి పెంకు గల విత్తనాలు ఎక్కువ కాలం నిలుస్తాయి.

నిద్రావస్థ, మొలకెత్తుట

విత్తనానికి తేమ, గాలి, తగిన వేడి లభించినప్పటికీ మొలకెత్తకుండా ఉండే స్థితిని నిద్రావస్థ అంటారు. గట్టి పెంకు నీటిని లోపలికి పోనీయకపోవటం, పిండం పూర్తిగా ఎదగకపోవటం, మొలకను అణచి ఉంచే హార్మోనులు ఇందుకు కారణాలు. తోటకూర వంటి సన్నని విత్తనాలు గల అనేక జాతులకు వెలుతురు సోకటం కూడా అవసరం. దుక్కి దున్నినప్పుడు క్షణకాలం సోకిన వెలుతురు సైతం కొన్ని విత్తనాలను మేల్కొల్పుతుంది. దున్నిన తరువాత పడిన మొదటి వానకు కలుపు ఒక్కసారిగా మొలవటానికి ఇది ఒక కారణం.

విత్తనాలన్నీ ఒకేసారి మేల్కొనవు. తొలకరి వానకు కొన్ని, పది పదిహేను రోజులకు మరికొన్ని, తరువాతి వానలకు ఇంకొన్ని విడతలు విడతలుగా మొలుస్తాయి. చాలా జాతులలో ఒక ఏడాదిలో మొలిచేది మొత్తం నిల్వలో స్వల్ప భాగమే. ఒక ఏడు వర్షాభావం వలన మొలకలన్నీ ఎండిపోయినా, కలుపు తీతలో అన్నీ పోయినా, ఆ జాతి అంతరించకుండా కాపాడేది ఈ ఏర్పాటే.

మొలకెత్తే విత్తనం మొదట నీటిని పీల్చి ఉబ్బుతుంది. తరువాత పిండంలో జీవక్రియలు చురుకవుతాయి. వేరు మొలక పెంకును చీల్చుకొని బయటకు వస్తుంది. దాని వెనుక కాండపు మొలక పైకి సాగుతుంది. వేరు మొలక బయటపడినది మొదలు మొక్క నేలను చీల్చుకొని పైకి వచ్చేవరకు గల కొద్ది రోజులే మొలకపూర్వ మందులకు అనువైన కాలం.

మందు పనిచేసే విధానం

మందు నేల మీద పడిన తరువాత పైభాగంలో ఒక పలుచని పొరగా నిలుస్తుంది. నేలలోని తేమలో కొంత కరిగి, కొంత ఆవిరి రూపంలో మట్టి రేణువుల సందులలో వ్యాపిస్తుంది. మొలకెత్తే వేరు, కాండం ఈ పొరను దాటే సమయంలో మందును పీల్చుకుంటాయి. గడ్డిజాతి మొక్కలు ఎక్కువగా కాండపు మొలక ద్వారాను, వెడల్పాటి ఆకుల మొక్కలు వేరు ద్వారాను, విత్తనపు ఆకుల కింది కాండం ద్వారాను గ్రహిస్తాయి.

మందు ఏ వర్గానికి చెందినదో దానిని బట్టి మొలక నశించే తీరు మారుతుంది.

- డైనైట్రోఅనిలిన్‌లు: పెండిమిథాలిన్, ట్రైఫ్లురాలిన్, ఫ్లూక్లోరాలిన్ ఈ వర్గంలోనివి. కణ విభజన సమయంలో క్రోమోజోములను రెండు వైపులకు లాగే సూక్ష్మ నాళికలు ట్యూబ్యులిన్ అనే ప్రోటీనుతో ఏర్పడతాయి. ఈ మందు ట్యూబ్యులిన్‌ను పట్టుకొని నాళికలు ఏర్పడకుండా చేస్తుంది. కణ విభజన ఆగిపోతుంది. వేర్లు పొట్టిగా, మొద్దుగా మారి, కొనలు గద ఆకారంలో ఉబ్బుతాయి.
- ఎసిటనిలైడ్‌లు: బ్యూటాక్లోర్, అలాక్లోర్ ఈ వర్గంలోనివి. ఇవి కణ త్వచాలకు, ఆకు పైపొరకు అవసరమైన పొడవైన కొవ్వు ఆమ్లాల తయారీని అడ్డుకుంటాయి.
- డైఫినైల్ ఈథర్‌లు: ఆక్సీఫ్లోర్‌ఫెన్ ఈ వర్గంలోనిది. నేల పైపొరలోని మందును తాకుతూ మొలక బయటకు వచ్చినప్పుడు, వెలుతురులో దాని కణ త్వచాలు చిట్లి మొలక మాడిపోతుంది.
- యూరియా వర్గం: డైయురాన్ ఈ వర్గంలోనిది. వేరు ద్వారా ఆకులకు చేరి కిరణజన్య సంయోగక్రియను ఆపుతుంది. అందువలన మొక్క మొలిచి, ఆకులు విచ్చిన తరువాత పాలిపోయి చనిపోతుంది.

పై నాలుగు మార్గాలలోనూ మందు దెబ్బతీసేది పెరుగుదలకు సంబంధించిన ఏదో ఒక క్రియనే. నిద్రావస్థలోని విత్తనంలో కణ విభజన లేదు, కొత్త త్వచాల నిర్మాణం లేదు, కిరణజన్య సంయోగక్రియ లేదు. మందు అడ్డుకోవలసిన క్రియయే జరగనప్పుడు అది విత్తనానికి హాని చేయలేదు. పైగా విత్తనపు పెంకు మందు లోపలికి చేరకుండా కొంతవరకు కాపాడుతుంది. మందు శిథిలమైన తరువాత మేల్కొన్న విత్తనం ఆటంకం లేకుండా మొలుస్తుంది.

మోతాదు, మందు పొర

పెండిమిథాలిన్‌ను సాధారణంగా హెక్టారుకు ఒక కిలో అసలు మందు చొప్పున సిఫారసు చేస్తారు. ఇది ఎకరాకు సుమారు 400 గ్రాములు. 30 శాతం ఇ.సి. రూపంలోని మందు ఒక లీటరులో 300 గ్రాముల అసలు మందు ఉంటుంది కనుక, ఎకరాకు దాదాపు 1.3 లీటర్లు అవుతుంది. నేల స్వభావాన్ని బట్టి తేలిక నేలలకు కొంత తగ్గించి, బరువు నేలలకు 1.6 లీటర్ల వరకు వాడుతారు. సూక్ష్మ గుళికల రూపమైన 38.7 శాతం సి.ఎస్. మందు పత్తిలో ఎకరాకు 700 మిల్లీలీటర్ల వరకు సరిపోతుంది. గుళికల నుండి మందు నెమ్మదిగా విడుదల కావటం వలన ఆవిరి రూపంలోను, ఎండ వలనను జరిగే నష్టం తక్కువగా ఉంటుంది.

ఎకరాకు 400 గ్రాములు అంటే చదరపు మీటరుకు 0.1 గ్రాము మాత్రమే. ఆ మందు పై 5 సెంటీమీటర్ల మట్టిలో సమానంగా కలిసిందనుకుంటే, కిలో మట్టికి సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములు వస్తుంది. ఇంత స్వల్ప పరిమాణం చేనంతటా సమానంగా పడాలి కనుకనే ఎకరాకు 200 లీటర్ల నీటిని వాడమని, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో పిచికారీ చేయమని, చల్లిన నేలను తొక్కకుండా వెనుకకు నడవమని సూచిస్తారు. మందు పడని చోట, అడుగులతో పొర చెదిరిన చోట కలుపు మొలుస్తుంది.

పెండిమిథాలిన్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. ఒక లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము కూడా కరగదు. మట్టిని గట్టిగా అంటిపెట్టుకొంటుంది. అందువలన వాన పడినా లోతుకు దిగక పైపొరలోనే ఉంటుంది. పత్తి గింజ 3 నుండి 5 సెంటీమీటర్ల లోతున పడుతుంది. నాటిన మిరప నారు వేళ్ళు మందు పొరకు దిగువన ఉంటాయి. పైపొరలో మొలిచే సన్న విత్తనాల కలుపు చనిపోయి పైరు బతకటానికి ఈ స్థాన భేదం ఒక ముఖ్య కారణం. గింజ మరీ పైన పడినా, మోతాదు మించినా పైరు మొలకలకు కూడా హాని కలుగుతుంది.

నల్లరేగడి నేలల ప్రత్యేకత

గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి నేలలలో బంకమన్ను శాతం చాలా ఎక్కువ. తడిసినప్పుడు ఉబ్బటం, ఎండినప్పుడు కుంచించుకొని లోతైన నెర్రెలు విచ్చటం ఈ నేలల లక్షణం. ఈ లక్షణం కలుపు విత్తనాల మీద, మందు మీద మూడు విధాలుగా ప్రభావం చూపుతుంది.

మొదటిది, బంకమన్ను మందును తన ఉపరితలం మీద పట్టి ఉంచుతుంది. నేల తేమలో మొలకకు అందే భాగం తగ్గుతుంది. తేలిక నేలల కంటె బరువు నేలలకు ఎక్కువ మోతాదు సూచించటానికి కారణం ఇదే. నేల పొడిగా ఉన్నప్పుడు ఈ పట్టు మరింత బిగుస్తుంది. తేమ లేని నేలపై చల్లిన మందు మొలకలకు అందక, ఎండకు, వేడికి కొంత వృథా అవుతుంది.

రెండవది, వేసవిలో విచ్చిన నెర్రెల గుండా పైన రాలిన విత్తనాలు లోతుకు జారిపోతాయి. వానలకు నెర్రెలు మూసుకొన్నప్పుడు అవి అక్కడే చిక్కుకొంటాయి. లోతున వెలుతురు, ఉష్ణోగ్రతల హెచ్చుతగ్గులు తక్కువ కనుక నిద్రావస్థ దీర్ఘకాలం కొనసాగుతుంది. తరువాతి లోతు దుక్కిలో అవి మళ్ళీ పైకి వస్తాయి. అందువలన రేగడి చేలలో విత్తన నిల్వ పైపొరకే పరిమితం కాదు.

మూడవది, మందు చల్లిన తరువాత వాన ఎడమైతే నేల బీటలు వారుతుంది. మందు పొర ముక్కలవుతుంది. తరువాతి వానకు ఈ బీటల వెంబడి కలుపు వరుసలు తీరినట్లు మొలుస్తుంది. దీనిని చూసి మందు నకిలీదని భావించే సందర్భాలున్నాయి. మార్కెట్టులో నకిలీ మందుల బెడద ఉన్నప్పటికీ, కలుపు మొలిచిన ప్రతిసారీ అదే కారణం కాదు.

పత్తి, మిరప పైర్లలో వాడకం

ఈ ప్రాంతంలో వర్షాధారపు పత్తిని జూన్ చివరి నుండి ఆగస్టు వరకు వానలను బట్టి విత్తుతారు. విత్తిన 24 నుండి 48 గంటలలోపు, నేల తడిగా ఉన్నప్పుడు పెండిమిథాలిన్ చల్లుతారు. పత్తి తొలి దశలో నెమ్మదిగా పెరుగుతుంది, సాళ్ళ మధ్య దూరం ఎక్కువ. కనుక తొలి 45 నుండి 60 రోజులు కలుపు పోటీకి పైరు తట్టుకోలేదు. మందు ప్రభావం ఈ కాలంలో తొలి 25 నుండి 30 రోజులను మాత్రమే బాగా కాపాడుతుంది. ఆ తరువాత గుంటకతో గాని, గొర్రుతో గాని అంతరకృషి చేయవలసి ఉంటుంది.

మిరపలో నారు నాటిన ఒకటి రెండు రోజులలో పెండిమిథాలిన్ వాడుతారు. నల్లరేగడి నేలలలో వర్షాధారంగా మిరప విత్తనాన్ని నేరుగా వెదబెట్టే పద్ధతి కూడా కలదు. మిరప గింజ చిన్నది, పైపైనే పడుతుంది. కనుక నాటిన మిరపకు ఉన్న స్థాన రక్షణ వెదబెట్టిన మిరపకు తక్కువ. వెదబెట్టిన చేలలో మోతాదు, విత్తన లోతు విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

మిరప దీర్ఘకాలపు పైరు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నాటిన తోట మార్చి వరకు చేలో ఉంటుంది. ఈ ప్రాంతానికి, ముఖ్యంగా ప్రకాశం జిల్లాకు, అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య రుతుపవనాల వలన గణనీయంగా వర్షం పడుతుంది. అప్పటికి నాటినప్పుడు చల్లిన మందు చాలావరకు క్షీణించి ఉంటుంది. అంతవరకు నిద్రించిన విత్తనాలు ఈ వానలకు రెండవ విడతగా మొలుస్తాయి. తడి ఆరని రేగడిలో గుంటక తిరగదు, కూలీలు దిగలేరు. అందువలన మొదట మందు వాడిన తోటలో సైతం ఈ నెలలలో కలుపు పెరిగి విత్తనం రాల్చే ప్రమాదం ఉన్నది. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద నీటి తడులు ఇచ్చే తోటలలో ప్రతి తడి తరువాత కూడా కొంత కలుపు మొలుస్తుంది.

మందుకు లొంగని కలుపు

మొలకపూర్వ మందులు ప్రధానంగా సన్న విత్తనాల నుండి మొలిచే ఏకవార్షిక కలుపుపై పనిచేస్తాయి. ఊద, తోటకూర, గలిజేరు, గంగపాయల వంటివి వీటిలో చేరుతాయి. కింది రకాలపై ప్రభావం తక్కువ లేక శూన్యం.

- తుంగ: ఇది ముఖ్యంగా భూమిలోని గడ్డల ద్వారా వ్యాపిస్తుంది. గడ్డలోని నిల్వ ఆహారపు బలంతో మొలక మందు పొరను దాటుకొని వస్తుంది.
- గరిక: కణుపుల నుండి, భూగర్భ కాండం ముక్కల నుండి చిగురిస్తుంది. దున్నినకొద్దీ ముక్కలు చేనంతా వ్యాపిస్తాయి.
- పెద్ద గింజల కలుపు: మందు పొరకు దిగువ నుండి బలంగా మొలిచే జాతులు తప్పించుకొంటాయి.
- అప్పటికే మొలిచిన కలుపు: చల్లే సమయానికి ఆకులు వేసిన మొక్కలపై పెండిమిథాలిన్ అంతగా పనిచేయదు. అందుకే ఆఖరి దుక్కిలో పాత కలుపును పూర్తిగా తొలగించాలి.

పరాన్నజీవులైన రెండు మొక్కలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బంగారు తీగ మిరపతో సహా అనేక పైర్లను అల్లుకొని రసం పీలుస్తుంది. దాని విత్తనపు పెంకు గట్టిది కనుక నేలలో చాలా సంవత్సరాలు నిలుస్తుంది. పెండిమిథాలిన్ దాని మొలకలను కొంతమేరకు అదుపు చేస్తుంది గాని నిల్వను తొలగించదు. రెండవది ప్రకాశం జిల్లా పొగాకు రైతులకు చిరపరిచితమైన పొగాకు మల్లె. ధూళివలె ఉండే దీని విత్తనాలు ఆశ్రయమిచ్చే పైరు వేరు నుండి స్రవించే రసాయనాలు సోకితే తప్ప మొలకెత్తవు. అంతవరకు సంవత్సరాల తరబడి వేచి ఉంటాయి. ఇటువంటి రసాయనాలలో మొదట వేరుచేయబడిన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేళ్ళ స్రావం నుండి గుర్తించటం గమనార్హం.

విత్తన నిల్వపై ప్రభావం

మొలకపూర్వ మందు విత్తన నిల్వను రెండు విధాలుగా తగ్గిస్తుంది. మొలకెత్తిన విత్తనాలు పైకి రాకుండా చనిపోవటం వలన అవి నిల్వ నుండి తొలగుతాయి. అంతకంటె ముఖ్యంగా, ఆ మొక్కలు కొత్త విత్తనం రాల్చే అవకాశం పోతుంది.

దీనిని ఒక ఊహా ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక చదరపు మీటరులో 5,000 కలుపు విత్తనాలు ఉన్నాయనుకుందాం. వాటిలో 5 శాతం, అనగా 250, ఈ ఏడు మొలకెత్తాయి. మందు వాటిలో 90 శాతాన్ని చంపింది. పైకి వచ్చినవి 25 మాత్రమే. చేను శుభ్రంగా కనిపిస్తుంది. కాని నేలలో ఇంకా 4,750 విత్తనాలు మిగిలే ఉన్నాయి. మిగిలిన 25 మొక్కలలో 24ను గుంటకతోను, చేతితోను తీసివేసి, ఒక్కదానిని వదిలివేసినా అది 5,000 విత్తనాలు రాలిస్తే, మరుసటి ఏడు నిల్వ దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ ఒక్క మొక్కను కూడా పూత దశకు ముందే తొలగిస్తే, సహజ నష్టాలతో కలిసి నిల్వ ఏటేటా తగ్గుతుంది.

కనుక మందు వలన కలిగే తొలి నెల లాభం పైరుకు చెందుతుంది. నిల్వ పెరిగేదీ తరిగేదీ ఆ తరువాత మిగిలిన కొద్ది మొక్కల విషయంలో ఏమి చేశారనే దానిపై ఆధారపడుతుంది. పైరు ఎదిగిన తరువాత మిగిలిన కలుపు దిగుబడిని పెద్దగా తగ్గించకపోవచ్చు గాని, రాబోయే సంవత్సరాల కలుపు తీత ఖర్చును అదే నిర్ణయిస్తుంది.

నిరోధక శక్తి, కలుపు జాతుల మార్పు

ఒకే మందును ఏటా వాడితే దానికి లొంగే జాతులు తగ్గి, లొంగని జాతులు పెరుగుతాయి. గడ్డిజాతి తగ్గిన చేలలో తుంగ ప్రబలటం ఇందుకు ఉదాహరణ. ఒకే జాతిలో సైతం నిరోధక శక్తి గల మొక్కలు ఎంపికై వృద్ధి చెందవచ్చు. అమెరికా పత్తి పొలాలలో రాగి ప్రజాతికి చెందిన ఎల్యూసిన్ ఇండికా అనే గడ్డి డైనైట్రోఅనిలిన్ మందులను తట్టుకోవటం గమనించారు. ట్యూబ్యులిన్ ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారటమే దీనికి కారణమని 1998లో వెల్లడైంది.

కలుపుమందును తట్టుకొనే జన్యుమార్పిడి పత్తికి భారతదేశంలో అనుమతి లేదు. అయినప్పటికీ ఇటువంటి విత్తనాలు అక్రమంగా సాగులోకి వచ్చాయి. ఈ పత్తిలో చల్లే గ్లైఫోసేట్ ఆకుల ద్వారా పనిచేసే మందు. మట్టిని తాకిన వెంటనే రేణువులకు అంటుకొని ఆగిపోతుంది కనుక నేలలోని విత్తనాలపై గాని, మొలకలపై గాని దానికి ప్రభావం ఉండదు. ప్రతి విడత కలుపుకు మళ్ళీ చల్లవలసి వస్తుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గ్లైఫోసేట్‌కు లొంగని పామర్ తోటకూర 2005 ప్రాంతంలో నిర్ధారణ అయిన తరువాత, అక్కడి పత్తి రైతులు తిరిగి మొలకపూర్వ మందుల మీద, చేతి కలుపు తీత మీద ఆధారపడవలసి వచ్చింది.

తరువాతి పైరు, పర్యావరణం

నేలలో పెండిమిథాలిన్‌ను సూక్ష్మజీవులు క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. ఉపరితలం మీద కొంత ఎండకు నశిస్తుంది, కొంత ఆవిరవుతుంది. వెచ్చని, తడి గల నేలలో ఇది వేగంగాను, పొడి నేలలో నెమ్మదిగాను జరుగుతుంది. కరవు సంవత్సరంలో మందు శేషం ఎక్కువకాలం మిగలవచ్చు. మొదటి పైరు దెబ్బతిని వెంటనే మరొక పైరు వేయవలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా జొన్న, సజ్జ వంటి సన్న గింజల పైర్ల విషయంలో, ఇది గుర్తుంచుకోవలసిన అంశం. మొక్కజొన్నలో వాడే అట్రజిన్ శేషం కూడా తరువాతి అపరాలకు, కూరగాయలకు హాని చేయగలదు.

పెండిమిథాలిన్ చేపలకు మిక్కిలి విషపూరితమైనది. మందు భూగర్భ జలంలోకి దిగటం అరుదైనా, కుండపోత వానలకు కొట్టుకుపోయే మట్టితో పాటు వాగులకు, చెరువులకు చేరుతుంది. పంపులను, డబ్బాలను కాలువలలోను, చెరువులలోను కడగరాదు. చల్లేవారు చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ, పూర్తి చేతుల చొక్కా ధరించాలి.

చట్టపరమైన స్థితి

భారతదేశంలో కలుపుమందులు కూడా 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం పరిధిలోకి వస్తాయి. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుండి అలాక్లోర్ నిషేధించబడింది. అదే ఉత్తర్వులో గోధుమకు తప్ప ఇతర పైర్లకు ట్రైఫ్లురాలిన్ వాడకాన్ని నిషేధించారు. పాత వ్యవసాయ కరదీపికలలో పత్తికి అలాక్లోర్ సిఫారసు కనిపిస్తుంది. ఇప్పుడు దానిని పాటించరాదు. 2020 మే నెలలో 27 మందులను నిషేధించేందుకు వెలువడిన ముసాయిదాలో పెండిమిథాలిన్, ఆక్సీఫ్లోర్‌ఫెన్, డైయురాన్ పేర్లు కూడా ఉన్నాయి. అయితే 2023లో వెలువడిన తుది ఉత్తర్వులోని నిషేధం పెండిమిథాలిన్, డైయురాన్‌లకు వర్తించలేదు. గ్లైఫోసేట్ వాడకాన్ని లైసెన్సు గల చీడల నివారణ సిబ్బందికి మాత్రమే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో ఉత్తర్వు వెలువడింది.

విత్తన నిల్వను తగ్గించే ఇతర పద్ధతులు

- తొలకరి మొలకను చంపుట: తొలి వానకు మొలిచిన కలుపును విత్తే ముందు గుంటకతో పైపైన కోసివేయటం. లోతుగా దున్నితే కింది విత్తనాలు పైకి వచ్చి ప్రయోజనం తగ్గుతుంది.
- పూతకు ముందే తొలగింపు: మందు వాడిన చేనిలో మిగిలిన మొక్కలను, గట్ల మీది వయ్యారిభామను విత్తనం కట్టకముందే పీకివేయటం.
- నారుమళ్ళకు ఎండ శుద్ధి: వేసవిలో తడిపిన నారుమడిపై పారదర్శకపు ప్లాస్టిక్ పట్టాను నాలుగు నుండి ఆరు వారాలు కప్పి ఉంచితే, ఆ వేడికి పైపొరలోని అనేక విత్తనాలు నశిస్తాయి. పొగాకు నారుమళ్ళలో వరి ఊక, చెత్త పరచి కాల్చే పాత పద్ధతి కూడా ఇటువంటిదే. విత్తనాన్నే చంపగల పద్ధతులు ఇవి.
- మల్చింగ్ షీటు: డ్రిప్పు గల మిరప తోటలలో నల్లని షీటు వెలుతురును అడ్డుకొని కలుపును అణచివేస్తుంది.
- మాగిన ఎరువు: కుప్పలో బాగా వేడెక్కి మాగిన ఎరువులో కలుపు విత్తనాలు చాలావరకు చనిపోతాయి.
- పైరు మార్పిడి: విత్తే కాలం, అంతరకృషి పద్ధతి మారటం వలన ఒకే రకపు కలుపు పాతుకుపోదు.

ఈ పద్ధతులను మందుతో జోడించి వాడటాన్ని సమగ్ర కలుపు యాజమాన్యం అంటారు. గుంటూరు సమీపంలోని లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో పత్తిపైన, లాంలోనే గల ఉద్యాన పరిశోధనా స్థానంలో మిరపపైన పరిశోధనలు జరుగుతాయి. కలుపు యాజమాన్యంపై జాతీయ స్థాయి పరిశోధనకు మధ్య ప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన సంస్థ కలదు. మోతాదులు మందు రూపాన్ని, నేలను బట్టి మారుతాయి కనుక వాడే ముందు డబ్బా మీది లేబులును, ఆ ఏటి వ్యవసాయ విశ్వవిద్యాలయ సిఫారసులను సరిచూసుకోవాలి.